పైపైన గీకిన మచ్చ

"చెప్పులేసుకోని మగ్గం గుంతలోకి దిగుతావేంరా? దినామూ దండం పెట్టుకుని తొక్కే పలకలవి!"

"ఒట్టి కాల్తో నడవద్దన్నాది నాయనా, వేలూరు డాక్టరమ్మ."

"అట్లయితే ఆయమ్మనే వచ్చి నెయ్యమను!"

చిన్నమణి మామ బలరామయ్యకూ ఆమె భర్త లోకనాథ్‌కూ మధ్య పావుగంటగా ఇదే గొడవ. కండెలు చుడుతున్న ఆమె రాట్నం మీంచి తలెత్తలేదు.

"చెప్పులు సరే నాన్నా, సోమవారం ఆపరేషనుకు పోతావా లేదా?" కూతురు నందిత అడిగింది.

"పోను. మానిపోయిన అరికాలిని మళ్ళా కోయించుకోవాల్నా? అంత పెద్ద జబ్బయితే గుడియాత్తం డాక్టరు అప్పుడే కోసుండడా? గీకితే చాలనే కదా గీకినాడు!"

"అదీ మాట!" అన్నాడు బలరామయ్య. ఈ ఒక్క విషయంలో తండ్రీకొడుకులు కలిసిపోయారు.

చిన్నమణి చేతిలో నూలు పుటుక్కున తెగింది.

నెల కిందట, గుడియాత్తం క్లినిక్కులో లోకనాథ్ లోపల బల్ల మీద పడుకుని ఉన్నాడు. డాక్టరు ఆమెను బయటికి పిలిచి, నల్లమచ్చను అడుగుదాకా మొత్తంగా కోసి పరీక్షకు పంపాలన్నాడు. కుట్లు పడతాయి, పది రోజులు కాలు మోపకూడదు. మగ్గం మీద గంగమ్మ జాతరలోపు అప్పజెప్పాల్సిన లుంగీల పడుగు సగంలో ఉంది. "చుమ్మా, ఊరికే పైపైన గీకి పంపండి సార్" అని ఆమె బతిమాలింది. ఆయన నసుగుతూనే సరేనని, గీకిన ముక్కనే పరీక్షకు పంపాడు. లోకనాథ్ మూడో రోజుకే మగ్గమెక్కాడు. లుంగీలు వేళకు వెళ్ళిపోయాయి.

పోయిన వారం వేలూరు పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆ పరీక్ష రిపోర్టును రెండుసార్లు చదివింది. అది మెలనోమా అనే చర్మం క్యాన్సరట. ఎంత లోతుకు దిగిందన్న దాన్నిబట్టే ఎంత వెడల్పున కోయాలో, జబ్బు పాకిందేమోనని గజ్జల్లో బిళ్ళ తీసి చూడాలో లేదో తేల్చుతారట. గీకి తీసిన ముక్కలో కింది అంచు వరకూ జబ్బే ఉంది, దాని కింద ఇంకెంత ఉందో ఎవరూ చెప్పలేరు. "ఇట్లా ఎందుకు తీసినారు?" అని ఆవిడ అడిగితే, చిన్నమణి సంచి జిప్పు లాగుతూ కూర్చుంది.

ఇప్పుడు తెగిన నూలును చిన్నమణి ముడి వేయలేదు. ఆమె రాట్నం పక్కకు జరిపింది.

"ఆ డాక్టరు మొత్తం కోస్తాననే చెప్పినాడు. గీకమన్నది నేను. మగ్గం నిలిచిపోతాదని."

లోకనాథ్ పలక మీద ఉన్న తన కాలి వంక చూసుకున్నాడు.

"చాలని గీకింది కాదు అది" అంది చిన్నమణి, గొంతు పెంచకుండా. "సోమవారం పొద్దున బస్సుకు మేమిద్దరం వేలూరుకు పోతాము మామా. గీకమన్నది నేనేనని ఆయమ్మకూ చెప్తాను. మళ్ళా కాలు బాగయ్యేదాకా ఈ ఇంట్లో మగ్గం ఆడదు."