కత్తెర పడిన బట్టకే మాట

దర్జీ పని చేసే అత్తగారి నాలుక మీద "రేపు" అనే మాట ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. బట్ట మడతైనా విప్పకపోయినా సరే, గుమ్మంలో మనిషి నీడ పడితే చాలు, "రేపిచ్చేస్తా తల్లీ!" అనేసేది.

ఆమెతో కలిసి కుట్టే కోడలిది వేరే తీరు. పెద్ద హోటలు వాళ్ళు వంటవాళ్ళ దుస్తులకు బట్ట పంపి, ఇవి నచ్చితే హోటలు కుట్టుపనంతా మీకేనన్నారు. మేనేజరుకు ఇంగ్లీషు తప్ప మరో మాట రాదు. అందుకని కోడలు సాయంత్రం ఇంగ్లీషు క్లాసుకు వెళ్ళింది. అన్నీ వచ్చాయి గానీ, జరగబోయేది చెప్పే దగ్గర బండి మొరాయించింది.

"మనకి 'కుడతాను' అంటే సరిపోతుంది కదత్తయ్యా! వాళ్ళకి ఎన్ని రకాలో!"

"ఒక్క పనికి అన్ని మాటలా? పనీపాటా లేనివాళ్ళే!"

కోడలు నవ్వలేదు. కత్తిరింపు బల్లకేసి చూస్తూ తనలో తనే లెక్క కట్టుకుంది. అల్మారాలోని బట్ట గురించి అప్పటికప్పుడు అనుకునే మాట 'విల్'. సుద్దగీత పడితే ముందే అనుకున్నట్టు, 'గోయింగ్ టు'. కత్తెర పడి, ఇచ్చే రోజు ఖాయమైతే 'బ్రింగింగ్', తెస్తున్నాం అని.

ఇద్దరూ హోటలుకు వెళ్ళగానే మేనేజరు అడిగాడు, శుక్రవారానికి అన్నీ తెస్తారా అని. అర్థం కాకపోయినా అత్తగారు మోచేత్తో పొడిచింది.

"రేపే అని చెప్పవే!"

"మీరుండండత్తయ్యా!"

చొక్కాలు కత్తిరించేశాం, శుక్రవారం 'బ్రింగింగ్' అంది కోడలు. ప్యాంట్లకు గీతలు పెట్టాం, పై వారం 'గోయింగ్ టు'. ఏప్రాన్ల బట్ట ఇంకా విప్పలేదు, వీలుచూసి 'విల్'. మేనేజరు ముఖం ముడిచాడు. కొంప మునిగిందిరా దేవుడా అనుకుంది అత్తగారు. అంతలో అతను తలూపి ఏదో గబగబా అన్నాడు. కోడలి కళ్ళు మెరిశాయి.

"ఏమంటాడే?"

"ఇంతకుముందు వచ్చిన దర్జీలంతా అన్నీ రేపే అన్నారటత్తయ్యా. ఏది ఖాయమో, ఏది కాదో విడదీసి చెప్పింది మనమేనట. బట్టలు చూడకముందే హోటలు పనంతా మనకే అనేశాడు!"

అత్తగారు ఒక అడుగు వెనక్కి జరిగి, కోడల్ని ముందు నడవనిచ్చింది. అది జరగడం అరుదు.

బయటికొస్తుంటే గేటు దగ్గర కాపలాదారు పలకరించాడు. "పెద్ద దర్జీ మీరేనా అమ్మా?"

"నేనా? నేను కుట్టే మనిషిని నాయనా. దర్జీ అదుగో, ముందు నడుస్తోందే, మా కోడలు! జరుగు, దానికి దారివ్వు!"