రేపు చెబుదురుగాని

ముప్ఫై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ట్రంక్ కాల్స్ కలిపాను. మూడు నిమిషాలు కాగానే లైను కట్ చెయ్యడం నా ఉద్యోగం. అవతల పెళ్లి కబురైనా, చావు కబురైనా నాకొకటే. తోటివాళ్లు నన్ను కత్తెరమ్మ అనేవారు.

రిటైరయ్యాక పదేళ్లు ఇంట్లో కూర్చుని కోడలి ప్రాణం తోడేశాను. కూరలో ఉప్పు నుంచి గుమ్మంలో చెప్పుల దాకా అన్నిటికీ వంకలే. నా బీపీ మందు రెట్టింపైంది. చివరికి కోడలే నన్ను వృద్ధుల సహాయ కేంద్రానికి తీసుకెళ్లి, మా అత్తయ్యకి ఫోన్ పని కొట్టిన పిండి అని అప్పజెప్పింది. జీతం లేదు. ఒంటరిగా ఉండే పన్నెండు మందికి రోజూ పొద్దున్నే ఇంటి నుంచే ఫోన్ చేసి, లేచారా, మందులేసుకున్నారా అని అడగాలి. ఎవరైనా ఎత్తకపోతే కేంద్రంవాళ్లు మనిషిని పంపుతారు.

ఆర్నెల్లలో నా మందు సగానికి తగ్గింది. కంటినిండా నిద్ర పట్టింది. నేనూ కోడలూ నవ్వుకుంటుంటే మా అబ్బాయి అనుమానంగా చూసేవాడు. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది ఉద్యోగంతో వచ్చిన బుద్ధి, అదీ పోలేదు. ఎవరితోనైనా మూడు నిమిషాలే.

నా జాబితాలో ఒక వడ్రంగి ఉండేవారు. ఒకరోజు ఎండల గురించీ దగ్గు గురించీ నసిగి నసిగి, సరిగ్గా నేను పెట్టేయబోతుంటే, "చెల్లెమ్మా, ఒక్క మాట" అన్నారు.

"రేపు చెబుదురుగాని అన్నయ్యగారూ" అని పెట్టేశాను.

మర్నాడు ఆయన ఎత్తలేదు. కేంద్రం మనిషి వెళ్లేసరికి మంచంలోనే పోయి ఉన్నారు. నిద్రలో గుండె ఆగిందని, ఎవరూ చెయ్యగలిగిందేమీ లేదని డాక్టర్ అన్నాడట. ఆ మాటతో నా మనసు కుదుటపడలేదు.

వారం ఎలాగో నెట్టుకొచ్చాను. ఎనిమిదో రోజు ఎవరికీ ఫోన్ చెయ్యకుండా, మానేస్తానని చెప్పడానికి కేంద్రానికి వెళ్లాను. అక్కడ ఆయన కూతురు నా నంబరు కోసం వచ్చి కూర్చుని ఉంది.

"చివరిగా మాట్లాడింది మీతోనేనట. నాన్న ఏమన్నారండీ?"

నీ పేరే తలుచుకున్నారమ్మా అంటే ఆ పిల్ల కడుపు చల్లబడేది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏదో చెప్పబోయారమ్మా. నేను వినలేదు. రేపు చెప్పమన్నాను."

ఆమె నాలుగు తిడితే బాగుండుననిపించింది.

"మీతో మాట్లాడడానికి ముందురోజు సాయంత్రం నాకు చేశారు" అంది. "పనిలో ఉన్నా, రేపు మాట్లాడదాం నాన్నా అన్నాను. అందుకే మీకు చెప్పుకోబోయారేమో."

ఇద్దరం ఏడ్చాం. అంత వయసుండి నేనే ఎక్కువ ఏడ్చాను. కాసేపటికి నా చేతిలో కాగితమేమిటని అడిగింది. మిగిలిన పదకొండు మంది నంబర్లని, తిరిగి ఇచ్చేస్తున్నానని చెప్పాను.

"ఇవాళ వీళ్లకి చేశారా?"

లేదన్నాను. ఆమె బల్లమీది ఫోను నా ముందుకి జరిపింది.

మొదటి నంబరు కలిపాను. మోకాళ్ల నొప్పుల కాంపౌండరుగారు మొదటి రింగుకే ఎత్తారు.

"పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చున్నానమ్మా. మీకేమైనా అయిందేమోనని భయమేసింది. ఎవరికి చెప్పాలో తెలియలేదు."