బిగుతు పువ్వులావిడ

ఎవరైనా "మీ ఆవిడ ఏం చేస్తారండీ?" అనడిగితే మా నాన్న "ఏం లేదండీ, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది" అనేవాడు. ఆ ఖాళీ మనిషే నరసాపురం పక్క ఊళ్ళో అరుగు మీద కూర్చుని లేసు పువ్వులు అల్లి అల్లి నన్ను నర్సింగు చదివించింది. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అందుకే ఢిల్లీ ద్వారకలో ఉండే ఆర్టిస్టు మైథిలి, మా అమ్మ జ్ఞానకుమారి పువ్వులతో పెద్ద తెర చేయించి అశోకా రోడ్ హాల్లో వేలాడదీస్తానంటే ఎగిరి గంతేశాను. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. చలికాలమంతా మా ఫరీదాబాద్ ఫ్లాటు బాల్కనీలో ఎండకు కూర్చుని అల్లింది. పువ్వులు అల్లేవాళ్ళు అతుకు పని చేయరు. ఏజెంటు పట్టుకుపోతే ఇంకో ఊళ్ళో ఇంకెవరో వాటిని కలిపి గుడ్డ చేస్తారు. మైథిలి కూడా పువ్వుల్ని మా పాత ఏజెంటుకే పంపింది.

ప్రదర్శన రోజు అమ్మ తెర ముందు కదలకుండా నిలబడిపోయింది. తన పువ్వులు పూర్తి గుడ్డ కావడం ఆమె చూడటం అదే మొదటిసారి. పక్కన బోర్డు మీద పెద్ద అక్షరాలతో అమ్మ పేరు.

"తీయించెయ్యమ్మా," అంది మైథిలితో. "అతికినావిడ పేరు లేకుండా నా పేరొద్దు."

"ఇన్నాళ్ళకి నీ పేరొచ్చిందమ్మా!" అన్నాను కోపంగా.

"ఆవిణ్ణీ ఇంట్లో ఖాళీగా ఉందనే అంటారే, స్తుతీ."



"ఠీక్ హై ఆంటీ," అని మైథిలి ఏజెంటుకు ఫోన్ చేసి, అతికినావిడ నంబరు తీసుకుని వీడియో కాల్ కలిపింది. నెరిసిన జుట్టావిడ కనిపించి, తన పేరు కాంతమ్మ అంది.

"ఆ పువ్వులు నేనే అల్లేనండి," అంది అమ్మ మొహమాటంగా.

"మీరాండీ! అంచు బిగుతుగా లాగేస్తారు, సూది దూరదు. ఏళ్ళ తరబడి మిమ్మల్ని తిట్టుకుంటానే అతికేనండి. కానీ ఎంత ఉతికినా చెక్కుచెదరవండి అవి. మధ్యలో అవి రావడం మానేస్తే, బిగుతు పువ్వులావిడ పోయిందేమోనని ఏడ్చేను. మొన్న మూట విప్పగానే, బతికే ఉంది దేవుడా అనుకున్నానండి!"

అమ్మ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఫోన్‌ని లేసు తెరకు దగ్గరగా పట్టుకుని, కాంతమ్మకు ఆవిడ అతుకులు చూపిస్తూ నడిచింది.

మైథిలి పెట్టించిన కొత్త బోర్డు మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అది చదివిన ఒకావిడ, "మీ అమ్మగారు ఏం చేస్తారు?" అని నన్నడిగింది.

"పువ్వులు అల్లుతుందండీ," అన్నాను గర్వంగా. "ఎంత ఉతికినా చెక్కుచెదరవు."