గుయ్యిమనేది ఏది

"పాలు విరిగిపోయినాయి. మళ్ళా ఫ్రిజ్జు ఆపేసినావు కదా?" జమ్రూద్ గిన్నెను వంటగట్టు మీద దబ్బున పెట్టింది. "నిన్న దోసెపిండి పొంగి కిందికి కారిపాయ. ఈపొద్దు పాలు. రేపు ఏం పారబొయ్యమంటావు?"

"ఆపింది నేనే. ఎందుకు ఆపినానో గూడా చెప్పినా." యూసుఫ్ హాల్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో తెల్ల గిటారు, కాళ్ళ దగ్గర చిన్న స్పీకరు పెట్టె. "ఫ్రిజ్జు తిరుగుతాంటే గిటార్లో గుయ్యిమంటాది."

"ఆపినాక పోయిందా?"

"పోలేదు."

"మరి పాలేం పాపం చేసినాయప్పా?"

యూసుఫ్ స్పీకరు పెట్టె మీదికి వంగి చెవి పెట్టాడు. ఈ పంచాయితీ నెల నుంచీ నడుస్తూనే ఉంది. ముందు ఇన్వర్టరు ఆపాడు. తర్వాత హాల్లో ట్యూబులైటు ఊడబీకాడు. ఫ్యాను ఆపి అందరినీ ఉక్కపోతలో కూర్చోబెట్టాడు. ఒకరోజు పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు కూడా ఆపించి వచ్చాడు. గుయ్యి మాత్రం పోలేదంటాడు.

కాలేజీకి జడ వేసుకుంటున్న కూతురు రేష్మ అద్దంలోంచే అంది. "నాయనా, దాంట్లో తీగల సద్దు పట్టే పికప్పులు ఉండాయే, అవి సింగిల్ కాయిల్‌వి. కొంచెం సద్దు ఉంటాది. కొంచెమే."

"కొంచెమా? చెవులు హోరెత్తిపోతాంటే కొంచెమంటావేమే?"

"నాకైతే ఏమీ ఇనపడదు," అంది జమ్రూద్.

"నీకు కుక్కరు విజిలే ఇనపడదు. మొన్న పప్పు మాడబెట్టింది ఎవురు?"

గడప దగ్గర దిండ్లలోకి దూది కూరుతున్న అవ్వ నవ్వింది. యూసుఫ్ తల్లి ఆమె. "వాళ్ళ నాయన గూడా అంతే. మిషను కొని, దూదేకే విల్లు అటక మీదికి ఎక్కించినాంక గూడా, 'ఎవురే ఆడ దూదేకేది, ఆపమను' అంటాండె. ఎవురేకుతారు? విల్లు జూస్తే అటక మీద ఉండె."

యూసుఫ్ ఆమెకు వీపు పెట్టి కూర్చున్నాడు. తల తిప్పలేదు. చనిపోయిన తండ్రి మాట ఎత్తినందుకు కోపం వచ్చిందేమో అనుకుని జమ్రూద్ విరిగిన పాలను పారబోయడానికి పోయింది.

"హంబకర్లు ఉండే గిటారు కొనాల్సిందే," అన్నాడు అతను వెనక నుంచి, అవసరం కన్నా గట్టిగా. "వాటిల్లో రెండు కాయిల్స్ పక్కపక్కన ఉంటాయి. ఒకటి గుయ్యిమంటే ఇంకోటి దాని నోరు మూపిస్తాది."

"నేనూ, మీ అమ్మా మాదిరా?"

"మీరిద్దరూ కలిస్తే గుయ్యి రెండింతలయితాది."

అవ్వ కూడా నవ్వింది. పాల గొడవ అంతటితో ఆగిపోయింది.

*

పెనుకొండ బజారులో యూసుఫ్‌ది పరుపుల అంగడి. తాత, తండ్రి విల్లుతో దూది ఏకినవాళ్ళు. ఇతను మిషనుతో ఏకుతాడు. మిషను తిరుగుతున్నంతసేపూ ఎదురుగా నిలబడ్డ మనిషి మాట వినపడదు. సాయంత్రానికి కనుబొమ్మల్లో, మీసాల్లో దూది పీచు పట్టి, మాట్లాడే ఓపిక లేక ఇల్లు చేరతాడు. అదే మనిషి ధర్మవరంలో పెళ్ళి ఉందంటే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గిటారు సంచి భుజాన తగిలించుకుని రైలెక్కుతాడు. ధనుంజయ ఆర్కెస్ట్రాలో పెళ్ళికాక ముందు నుంచీ అతనే గిటారు. స్టేజీకి ఎడమ పక్క, డ్రమ్ములకూ పెద్ద స్పీకరుకూ మధ్య అతని చోటు. పట్టుచీరల షావుకార్ల పెళ్ళిళ్ళలో, బాబయ్య దర్గా ఉరుసులో, వినాయకుడి పందిళ్ళలో, ఎక్కడైనా అదే చోటు. జమ్రూద్ అతన్ని మొదటిసారి చూసింది కూడా ఆ చోట్లోనే. ఆ చోటు లేకపోతే ఆ ఇస్త్రీ చొక్కా మనిషి ఉండడు, దూది పీచు మనిషే మిగులుతాడు. ఆ సంగతి అతనికన్నా ఆమెకే బాగా తెలుసు.

పోయిన పెళ్ళి తర్వాత ధనుంజయ ఫోన్ చేశాడు. యూసుఫ్ ఈమధ్య ఫోన్ స్పీకరులో పెట్టే మాట్లాడుతున్నాడు, కాబట్టి ఇంట్లో అందరూ విన్నారు.

"అన్నా, శ్రుతి పోతాంది. పాడే పాపకు ఇబ్బందిగా ఉండాదంట. చిన్న మిషనొకటి వస్తాది, గిటారు తలకు తగిలిస్తే అదే చూపిస్తాది కదా."

"నా చెవికి మిషనేంటికప్పా? బ్రిడ్జి స్ప్రింగులు వదులైనాయి. ఒక తీగ సరిచేస్తే అయిదు తప్పుతాండాయి."

"సరేలే అన్నా. వచ్చే సీజనుకు చూద్దాం."

చూద్దాం అన్న మాట జమ్రూద్‌కు నచ్చలేదు. ఇన్నేళ్ళలో ధనుంజయ తేదీ చెప్పేవాడే తప్ప చూద్దామని ఎప్పుడూ అనలేదు.

ఆ రోజు నుంచే కొత్త గిటారు మాట మొదలైంది. గుయ్యి పోవడానికి హంబకర్లు. శ్రుతి నిలవడానికి, తీగలు బిగించే బ్రిడ్జి కదలనిది. మరీ చవకది వద్దు, ఖరీదైనదాని జోలికి పోవద్దు, మధ్యరకం చాలు. ఈ రెండూ కుదిరితే వచ్చే సీజనులో తన చోటు తనకు ఉంటుందని అతని లెక్క.

జమ్రూద్ ఇంకొకటి కూడా చూసింది, కానీ దాని గురించి ఆలోచించలేదు. తండ్రి అంగడికి పోగానే రేష్మ ఆ తెల్ల గిటారును ఒళ్ళో పెట్టుకుని, ఫోను పక్కన పెట్టుకుని, తల దగ్గరి బిరడాలను ఒక్కొక్కటే కొంచెం కొంచెం తిప్పుతూ ఉంటుంది.

"ఏం చేస్తాండావే?"

"దుమ్ము తుడుస్తాండా మా."

*

శుక్రవారం అంగడికి సెలవు. ఇద్దరూ పొద్దున రైలుకే హిందూపురం పోయారు. "నేనొక్కన్నే పోతే ఆశపడి ఏదో ఒకటి తెస్తా. నువ్వు రా," అని అతనే పిలిచాడు.

అమర్‌నాథ్ అంగడి మేడమీద. గోడ నిండా తబలాలు, బడిపిల్లల బ్యాండు డప్పులు. మూలన హార్మోనియాలు ఒకదాని మీద ఒకటి. గిటార్లు లోపలి గదిలో. "రా యూసుఫన్నా, రా వదినా. కూర్చోండి. కాఫీ చెప్తా."

మొదట ఒక నల్ల గిటారు తెచ్చాడు. హంబకర్లున్నాయి కానీ బ్రిడ్జి కింద స్ప్రింగులున్నాయి. యూసుఫ్ బ్రిడ్జిని వేలితో నొక్కి చూసి, అది ఊగగానే పక్కన పెట్టాడు. రెండోది చాలా అందమైనది. చెక్క మీద పులిచారల్లాంటి గీతలు. దాన్ని ఒకసారి నిమిరి, ధర అడగకుండానే తిరిగి ఇచ్చేశాడు. "మంది పెళ్ళాన్ని చూసినట్టు చూస్తాండావే," అంది జమ్రూద్. అమర్‌నాథ్ పగలబడి నవ్వాడు. యూసుఫ్ నవ్వలేదు. మాట అందలేదేమోనని ఆమెకు తట్టనేలేదు.

మూడోది కాఫీగింజ రంగు. రెండు హంబకర్లు, గిటారుకు కొంచెం బరువైన ఒళ్ళు. బ్రిడ్జిని మరలతో చెక్కకే బిగించేశారు. యూసుఫ్ ఊపినా కదల్లేదు. అతని ముఖం విచ్చుకుంది. "ఇది. ఇట్లాంటిది."

అమర్‌నాథ్ కేబులు తగిలించి, స్పీకరు పెట్టె శబ్దం పెంచాడు. "నోడన్నా, ఇదో చూడు. సైలెంటు. చీమ పాకినా ఇనపడతాది."

యూసుఫ్ కళ్ళు మూసుకుని, తీగల మీద అరచెయ్యి ఆనించి విన్నాడు.

"ఉండాది," అన్నాడు. "సన్నగా. గుయ్యిమని."

"యాడన్నా?"

"ఉండాదప్పా. నీకు అలవాటైపోయింటాది."

అమర్‌నాథ్ ప్లగ్గు ఇంకో చోట పెట్టాడు. ఫ్యాను ఆపాడు. లైటు ఆపాడు. కింద జిరాక్సు అంగడివాణ్ణి కేకేసి మిషను ఆపించాడు. పాలు విరగడం ఒక్కటే తక్కువ, తన ఇల్లే ఇక్కడికి వచ్చినట్టుంది జమ్రూద్‌కు. చివరికి అమర్‌నాథ్, "కేబులు తప్పేమో, వేరేది తెస్తానుండు," అని గిటారులోంచి కేబులు లాగి కింద వేసి, స్పీకరు పెట్టెను కూడా ఆపేసి, లోపలి గదిలోకి పోయాడు.

యూసుఫ్ కళ్ళు తెరవలేదు. అరచెయ్యి తీగల మీదే ఉంది.

"ఇంగా ఉండాది జమ్రూద్," అన్నాడు. "పోలేదు."

కేబులు ఆమె చెప్పుల పక్కన పడి ఉంది. స్పీకరు పెట్టె మీద ఎర్రదీపం ఆరిపోయింది. గదిలో దేనికీ కరెంటు లేదు. కింద రోడ్డు మీద ఆటోలు పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. విల్లు అటక మీద ఉండగా దూదేకేది ఎవరని అడిగిన మామ గుర్తొచ్చాడు. స్పీకరులో పెట్టిన ఫోన్లు, తల తిప్పకపోవడాలు, రేష్మ తుడిచిన దుమ్ము, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఆమె కళ్ళ ముందుకు వచ్చాయి. ఇంట్లో అందరికన్నా చివర తెలుసుకుంది తనే.

కొత్త కేబులుతో వచ్చిన అమర్‌నాథ్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆమె అతనికి వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

యూసుఫ్ కళ్ళు తెరిచి ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ఎక్కడ చూశాడో ఆమెకు తెలియదు. ఆమె అప్పటికే గోడ మీది తబలాల వైపు తిరిగిపోయింది.

"కేబులొద్దులే అమర్‌నాథూ," అన్న మాట వినబడింది.

ఆమె తిరిగి చూసేసరికి అతను గిటారును పొట్టకు గట్టిగా అదుముకుని, దవడను దాని అంచుకు ఆనించి ఉన్నాడు. లావుపాటి తీగను బొటనవేలితో మీటాడు. ఆ తీగ వణుకు ఆగేదాకా అట్లాగే ఉన్నాడు. మళ్ళీ మీటాడు. తర్వాత ఆ స్ప్రింగుల గిటారు తీసుకుని దాన్నీ అలాగే అదుముకుని మీటి, వెంటనే పక్కన పెట్టాడు. కాఫీగింజ రంగుదే మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు.

"ఇదే ఇయ్యి."

"సౌండు సరిగ్గా చూడనే లేదు కదన్నా?"

"చూసినా," అన్నాడు యూసుఫ్.

*

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నారు. గిటారు సంచి ఇద్దరి మోకాళ్ళ మధ్య పిల్లవాడిలా నిలబడి ఉంది. హిందూపురం దాటాక యూసుఫ్ బయటికి చూస్తూనే అడిగాడు.

"కేబులు కిందపడిండె కదా?"

"ఎప్పుడు?"

"అబద్ధం చెప్పేటప్పుడు కొంగు చివర ముడేస్తావు నువ్వు."

జమ్రూద్ తన వేళ్ళ వైపు చూసుకుంది. ముడి విప్పింది. కొంచెంసేపటికి అతని మోచెయ్యి తట్టి, అతను తన వైపు తిరిగాక అడిగింది. "ఎప్పటినుంచి?"

"ముందర మిషను ఆపినాంక కొంచేపు ఉండి పొయ్యేది. స్టేజీ దిగినాంక తెల్లారేదాకా ఉండి పొయ్యేది. ఇప్పుడు పోలేదు." అతను తల అడ్డంగా ఊపాడు. "ఫ్రిజ్జే అనుకుంటి జమ్రూద్. నిజ్జంగా ఫ్రిజ్జే అనుకుంటి."

"చెవుల డాక్టరుకు చూపించుకుందాం. అనంతపురం పోదాం."

"పోదాం. ఏమంటాడో విందాం." తను అన్న మాటకు తనే కొంచెం నవ్వాడు. "నాయన్ను గూడా తీసకపోతి కదా, గుయ్యి పోలేదు."

అన్నీ తెలిసి మరి గిటారు ఎందుకు కొన్నావని ఆమె అడగాలనుకుంది. రైలు చప్పుడులో అతనికి వినపడాలంటే అరవాలి. ఆ మాటను అందరి ముందూ అరిచి అడగబుద్ధి కాలేదు. పెనుకొండ వచ్చేదాకా సంచి జారకుండా పట్టుకుని కూర్చుంది.

*

ఇంటికి రాగానే రేష్మ సంచి జిప్పు లాగింది. "నాయనా, ఏం ఉండాది నాయనా ఇది!" అవ్వ దగ్గరికి వచ్చి చెక్కను తట్టి చూసింది. "మంచి చెక్కే. మీ తాత విల్లు గూడా ఇదే రంగు."

యూసుఫ్ వంటింట్లోకి పోయి ఫ్రిజ్జు స్విచ్ వేశాడు. తర్వాత దాని పక్కకు అరచెయ్యి ఆనించి, తిరుగుతోందో లేదో చూసుకున్నాడు. చెంబులో నీళ్ళు ముంచుకుంటున్న జమ్రూద్ అది చూసి ముఖం తిప్పుకుంది.

మగ్రిబ్ నమాజు అయ్యాక అందరూ అన్నానికి కూర్చున్నారు. అవ్వ గిటారు ధర సంగతి కదిపింది, రేష్మ అవ్వను కసిరింది. యూసుఫ్ ముద్ద కలుపుతూ ఏదో అన్నాడు. ఏడాదిగా ఇంట్లో గట్టిగట్టిగా మాట్లాడుతున్న మనిషి ఇంత మెల్లగా అనేసరికి ముగ్గురూ తినడం ఆపి అతని వైపు చూశారు.

"రేపు ధనుంజయకు ఫోన్ చేస్తా," అన్నాడు మళ్ళీ, అంతే మెల్లగా. "వేరే పిల్లోన్ని చూసుకోమంటా. ఇంగ నేను స్టేజీ ఎక్కేది లేదు. ఈ గిటారు ఇంట్లో వాయించుకునేదానికే. ఒళ్ళోబెట్టుకుంటే ఎముకలదాకా తెలుస్తాంది నాకు, అది చాలు. శ్రుతి రేష్మ పెట్టిస్తాది. ఇన్నాళ్ళూ పెడతానే ఉండాది కదా."

రేష్మ పళ్ళెంలోకి తల దించుకుంది. అవ్వ చెయ్యి కొడుకు వీపు మీదికి పోయింది.

"ఫ్రిజ్జు ఇంగ ఆపను," అన్నాడు యూసుఫ్.