పట్టుచీరల సంచిలో ఎక్స్‌రేలు

నేను ఒక పట్టుచీరల సంచిని. అలాగని నాలో ఇప్పుడు పట్టుచీరలు ఉంటాయని ఎవరైనా ఆశపడితే నేనేమీ చేయలేను. అవి నాలో ఉన్నది ఒక్క మధ్యాహ్నం. ఆ తర్వాత ఏళ్ళ తరబడి నేను మోసింది ఎక్స్‌రేలు, రక్తపరీక్షల కాగితాలు, సగం వాడి వదిలేసిన మాత్రల అట్టలు. నా పొట్ట మీద అచ్చువేసిన పెళ్ళికూతురు మాత్రం ఒంటినిండా నగలతో ఇంకా నవ్వుతూనే ఉంది. ఆసుపత్రి వరండాలో ఆ నవ్వు చూసి జనం మొహం తిప్పుకుంటారు, నేనూ సిగ్గుపడతాను.

నేను గుడ్డలా కనిపిస్తాను గాని గుడ్డను కాదు, మగ్గం మొహం ఎరగను. ఏదో షెడ్డులో ఒక మిషను నన్ను కోసి, అంచులు వేడికి అతికించి, రెండు పిడులు తగిలించి కట్టలో పడేసింది. చీరాల బట్టల బజారులో ఒక కొట్టువాళ్ళు మమ్మల్ని కొనుక్కున్నారు. హైమావతి అనే ఆవిడ, ఆమె భర్త వీరబ్రహ్మం, అత్తగారు తిరుపతమ్మ కలిసి వచ్చి, ఆ ఇంటి ఆడపిల్ల సీమంతానికి చీరలు కొని నాలో పెట్టించుకుని పేరాలలో తమ ఇంటికి పట్టుకుపోయారు. చీరలు బీరువాలోకి పోయాయి. నేను వంటింటి తలుపు వెనక మేకుకు వేలాడాను.

హైమావతి జాకెట్లు కుట్టేది. వీరబ్రహ్మం బంగారప్పని చేసేవాడు గాని, రెడీమేడు నగలొచ్చాక ఆ పని పలచబడింది. ఇల్లు గడవడంలో ఆమె మిషనుది పెద్ద వాటా. కొన్నాళ్ళు నాలో జాకెట్టు ముక్కలు పెట్టుకుంది. అవి నా మంచి రోజులని అప్పుడు తెలియలేదు. ఒకనాడు ఆమె చేతులకు ఎక్స్‌రే తీయించారు. ఎక్స్‌రే మడత పడకూడదట. ఇంట్లో దాన్ని నిటారుగా పట్టే సంచి నేనొక్కదాన్నే. అలా నా ఉద్యోగం మారిపోయింది. తెలుగువాళ్ళ ఇళ్ళలో ఆసుపత్రి సంచి అంటూ ఎవరూ ప్రత్యేకంగా కొనరు, నాబోటి ఏ పెళ్ళి సంచికో ఆ రాత రాసిపెట్టి ఉంటుంది.

ముందు ఆమె వేళ్ళ కణుపులు పట్టుకున్నాయి. పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకునేది కాదు. హుక్కులు కుట్టబోతే సూది జారిపోయేది. తర్వాత మోకాళ్ళు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వచ్చేది. వీటన్నిటినీ మించింది అలసట. నిద్రపోయి లేచినా తీరని అలసట. గిన్నె తోమి బోర్లించి, రెండో గిన్నె అందుకోవడానికి ఆమె గోడ పట్టుకుని నిలబడటం నేను మేకు మీదనుంచి రోజూ చూసేదాన్ని.

ఇక డాక్టర్లు. మొదటాయన రక్తం చూసి టైఫాయిడ్ అన్నాడు. మందులు అయిపోయాక మళ్ళీ వెళితే మళ్ళీ టైఫాయిడ్ అన్నాడు. ఇంకొకాయన ఒంట్లో రక్తం లేదని ఐరను మాత్రలు ఇచ్చాడు. ఎముకల డాక్టరు నాలోని ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి, ఎముకలు బ్రహ్మాండంగా ఉన్నాయని మెచ్చుకుని, మిషను తొక్కడం తగ్గించమన్నాడు. తిండి తగ్గించమన్నట్టే అది. నాటుమందు తాగించారు, దిష్టి తీశారు. ఒంగోలులో ఒక పెద్ద డాక్టరు దగ్గరికి పోతే ఆయన ఆమె వైపు చూడటానికి ముందే నా వైపు చూశాడు.

"ఇంతమందికి చూపించారా" అన్నాడు. "ఇందులో అన్నీ నార్మలే ఉంటాయమ్మా, నాకు తెలుసు. టెన్షన్ పెట్టుకుంటున్నారు. పొద్దున్నే నాలుగడుగులు నడవండి."

నేను లావెక్కేకొద్దీ ఆమె మాట చిక్కిపోయింది. ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. సన్నటి సంచితో వచ్చినవాళ్ళ బాధ వింటారు. లావు సంచితో వచ్చినవాళ్ళకు ఊరంతా తిరగడమే జబ్బంటారు.

ఇంట్లో గోరుచుట్టు మీద రోకటి పోటు. "నార్మల్ అని రాశారంటగా. నార్మల్ అంటే రోగం లేదనే గదా" అనేది తిరుపతమ్మ. చెడ్డ మనిషి కాదు. చదువుకున్న డాక్టర్లంతా ఒకే మాట చెబుతుంటే కోడలి మాట ఎందుకు నమ్మాలన్నది ఆమె లెక్క. ఆసుపత్రికి తోడు వచ్చేది గాని నన్ను మాత్రం చేత్తో తాకేది కాదు. హైమావతి వాచిన వేళ్ళతో నన్ను మోసుకుంటూ వెనక నడిచేది. పక్కింటి మస్తానమ్మయితే వాకిట్లో మమ్మల్ని చూసినప్పుడల్లా ఒకే మాట.

"మడిసి చూస్తే లచ్చనంగా ఉంది. రోగమేందమ్మా నీకు?"

ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు. పొడవడం దాని అలవాటు.

ఒక సాయంత్రం హైమావతి మిషను మీద తల ఆనించుకుని కూర్చుంది. కుట్టాల్సిన జాకెట్టు కుట్టకుండానే ఉంది. వీరబ్రహ్మం మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు.

"ఈసారన్నా ఏదో ఒక జబ్బు బయటపడితే బాగుండు" అంది.

"అదేం కోరికే" అన్నాడు అతను.

"మరి జబ్బు లేకపోతే ఏందనుకోవాల? నేను పని ఎగ్గొడతన్నాననా? నాకే అనుమానంగా ఉందయ్యా. అన్నీ నేనే ఊహించుకుంటన్నానేమో."

నాకు ఆ మాట ఎక్స్‌రేల కన్నా బరువనిపించింది. నొప్పి ఉండటం ఒక బాధ. తనకు నొప్పి ఉందన్న సంగతి తానే నమ్మలేకపోవడం ఇంకో బాధ. రెండోదానికి ఏ కొట్లోనూ మాత్ర దొరకదు.

ఇక్కడ ఈ ఇంటివాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. నిజానికి చాలా ఇళ్ళ పద్ధతే. ఆసుపత్రికి పోయే రోజు హైమావతి పొద్దున్నే తలంటుకునేది. మొహానికి పసుపు రాసి కడిగి, పైన దళసరిగా పౌడరు అద్దేది. ఉతికిన చీర కట్టి, తలలో ఇన్ని పూలు తురిమేది. ఎప్పుడైనా ఓపిక లేక మానేస్తే తిరుపతమ్మ ఊరుకునేది కాదు. "నలుగురిలోకి పోతా ఆ అవతారమేంది? కోడల్ని తిండి పెట్టకుండా సంపుతన్నామనుకుంటారు" అనేది. అన్నీ అయ్యాక, బస్సులో నిలబడాలి, వరసలో కూర్చోవాలి గనక, బయల్దేరే ముందు ఒక నొప్పి మాత్ర వేసుకునేది. దాంతో జ్వరం దిగేది, వాపు కాస్త తగ్గేది, నడక చక్కబడేది. జబ్బును ఇంట్లో కూర్చోబెట్టి తలుపేసి, మనిషి మాత్రం ముస్తాబై డాక్టరుకు చూపించుకోవడానికి పోయేదన్నమాట. నవ్వుదామంటే నాకు నవ్వు రాదు. మర్యాదస్తులు వాళ్ళు.

చెప్పులరిగేలా తిరిగి, తల ప్రాణం తోకకొచ్చాక, ఎవరో చెబితే గుంటూరులో కీళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఇదే ఆఖరు, ఇక తిరగనని హైమావతి ముందే చెప్పేసింది. ఎండాకాలం. వరండాలో కరెంటు పోయింది. జనం చీటీలతో విసురుకుంటున్నారు. మా వంతు వచ్చేసరికి ఆమె మొహం మీద చెమటలు కారి పౌడరు చారలు కట్టింది.

డాక్టరమ్మ పెద్దావిడ, ఆమె కూడా అలసిపోయే ఉంది. హైమావతి అలవాటుగా నన్ను బల్ల మీద పెట్టి కాగితాలు తీయబోయింది.

"సంచి తర్వాత చూద్దాం, కింద పెట్టండి" అంది డాక్టరమ్మ. ఇన్నేళ్ళలో నన్ను కింద పెట్టమన్న డాక్టరు ఆమె ఒక్కతే. నాకు చిన్నతనమేమీ అనిపించలేదు, హాయిగా నేల మీద కూర్చున్నాను. ఆమె హైమావతి మొహంలోకి అలాగే చూసి, తడి దూది అందించింది. "ఒకసారి మొహం తుడుచుకోండమ్మా."

హైమావతి అత్తగారి వైపు చూసింది. తిరుపతమ్మే అందుకుంది. "మొహానికి ఇంత పౌడరన్నా లేకుండా ఆసుపత్రికి ఎవరొస్తారండీ?"

"నేను చూడాల్సింది పౌడరు కింద ఉంటే ఎట్లా పెద్దమ్మా" అంది డాక్టరమ్మ, కోపం లేకుండానే.

దూది తిరిగిన చోటల్లా ఎరుపు బయటపడింది. రెండు బుగ్గల మీదా, ముక్కు దూలం మీదుగా ఒకటే ఎర్రటి మచ్చ. ఎన్నాళ్ళ నుంచని అడిగితే హైమావతి నసిగింది. తిరుపతమ్మ, "ఎండకి కందిందండీ. పోతా వస్తా ఉంటది. పసుపు పడక" అంది. డాక్టరమ్మ వేళ్ళ కణుపులు ఒక్కొక్కటే నొక్కి చూసి, పొద్దున ఏదైనా మాత్ర వేసుకున్నారా అని అడిగింది.

"వేసుకోకపోతే బస్సెక్కలేనండీ."

"ఇంతకుముందు డాక్టర్ల దగ్గరికీ అట్లాగే వెళ్ళారా?"

హైమావతి తలూపింది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. "మంగళవారం రండి. మాత్ర వేసుకోవద్దు. స్నానం లేకపోయినా పర్వాలేదు, పౌడరు మాత్రం వద్దు. మంచం మీదనుంచి ఎలా లేస్తారో అలాగే రండి."

మళ్ళీ రావాలా అన్నట్టు చూసింది హైమావతి. ఆ చూపులో ఎదిరించే ఓపిక కూడా లేదు.

ఆ మంగళవారం ప్రయాణం నేను మరచిపోలేను. మాత్ర లేని వేళ్ళు నా పిడిని పట్టుకోలేక వదిలేస్తే నన్ను వీరబ్రహ్మం తీసుకున్నాడు. బస్సు మెట్టు ఎక్కడానికి అతను ఆమెను దాదాపు ఎత్తాడు. సీట్లో తిరుపతమ్మ పక్కనే కూర్చున్న కోడలి నుదుటి మీద అనుకోకుండా చెయ్యి ఆన్చి, చటుక్కున తీసి, మళ్ళీ ఆన్చింది. బాపట్ల దాటేదాకా ఆ చెయ్యి తీయలేదు. రోజూ ఇంత కాలుద్దా అని మాత్రం ఒకసారి అడిగింది. సాయంత్రాలు కాలుద్దత్తయ్యా అంది హైమావతి. 

ఈసారి డాక్టరమ్మకు వెతుక్కునే పని లేకపోయింది. జ్వరం, వాపు, ఎరుపు, అన్నీ కోడలితోపాటే వచ్చి కూర్చున్నాయి. ఇంతవరకు ఎవరూ రాయని రక్తపరీక్షలు రాసింది. వారం తిరిగాక పేరు చెప్పింది. లూపస్. ఒంటిని కాపాడాల్సిన బలగమే ఒంటి మీద తిరగబడే జబ్బట. పూర్తిగా పోదని, అదుపులో పెట్టుకోవాలని, మందులు చాలాకాలం మింగాలని, ఎండ పడదని వివరంగా చెప్పింది. వింటూ వింటూ హైమావతి ఏడ్చేసింది.

"భయపడకండమ్మా, మందులున్నాయి" అంది డాక్టరమ్మ.

"భయం కాదండీ" అంది హైమావతి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "ఉందన్నారు గదా. అందుకని."

ఎప్పటికీ పోని జబ్బు అంటగట్టారని ఏడవాల్సిన మనిషి, ఉందన్నందుకు తేలికపడి ఏడ్చింది. జబ్బుల కాగితాలు ఇన్నేళ్ళు మోసినా ఇలాంటిది నేను చూడలేదు. అయినా నాకు అర్థమైంది.

అప్పుడే అంతా బాగైపోయిందని చెప్పను. మందులు కడుపులో తిప్పుతాయి. కొన్ని పూటలు ఆమె ఇంకా గోడ పట్టుకునే నిలబడుతుంది. నాలోని పాత కాగితాలు చాలావరకు తీసి పారేశారు. ఈమధ్య నా పిడి ఒకటి ఊడిపోతే, ఒక మంచి పొద్దున హైమావతి సూదిలో దారం ఎక్కించి, తీరిగ్గా దాన్ని కుట్టింది. కుట్లు కొంచెం వంకరపోయాయి. మిషను కుట్టు కన్నా అవే నాకు బాగున్నాయి.

మొన్న మళ్ళీ గుంటూరు పోయే రోజు వచ్చింది. హైమావతి పాత అలవాటు కొద్దీ పౌడరు డబ్బా అందుకోబోయింది.

"రాసుకోబాక" అంది తిరుపతమ్మ వాకిట్లోంచి. "ఉన్న మొహం ఉన్నట్టే చూపియ్యాల. తల కూడా దువ్వబాక. నొప్పి మాత్రా వద్దు, నే పట్టుకోని నడిపిస్తాగా."

ఆమె చేతిలో గొడుగు ఉంది, కోడలికి ఎండ తగలకుండా. వాకిలి దాటుతుంటే మస్తానమ్మ ఎదురైంది. జిడ్డు మొహం, రేగిన జుట్టు చూసి ఆగింది.

"ఏందమ్మా, ఇట్టా బయల్దేరారు? మడిసి చూస్తే బానే ఉందిగా, ఇంకా ఆసుపత్రేంది?"

"చూస్తే కనపడదులే మస్తానమ్మా" అంది తిరుపతమ్మ. "ఒకే ఇంట్లో ఉండి నాకే కనపళ్ళా."

అని, కోడలి వేళ్ళ మధ్యనుంచి నన్ను మెల్లగా తీసుకుని తన చేతికి తగిలించుకుంది. ఆసుపత్రి సంచినయ్యాక ఆమె నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.