గాలి అటు నిలిపిన రోజు

ఫ్యాన్ జాలీకి ఒక ఎర్ర దారపు పోగు.

గాలి ఎటు పోతే అటు చూపిస్తూ, ఆడుతూ...

అది కట్టింది గుండీలత్త. బడిపిల్లల చొక్కాలకు గుండీలు కుట్టేది, అందుకని ఆ పేరు. కుట్టుగదిలో మేం ఆరుగురం. కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి — తెల్లబట్ట మీద దుమ్ము పడకూడదు.

ఒకటే ఫ్యాన్. నా వెనక. తల తిప్పుతూ, అందరికీ కాస్త కాస్త పంచుతూ.

ఆ మంగళవారం నాకు దగ్గు.

దగ్గే కదా అనుకున్నాను. కొత్త జబ్బు అప్పటికింకా వార్తల్లోనే ఉంది.

"ఆ గాలంతా నువ్వే తాగేస్తావటే? ఇటు కూడా కాస్త పొయ్యవే," అంది అత్త, మెడ తుడుచుకుంటూ.

లేచాను. మీట పైకి లాగి ఫ్యాన్ తల ఆమె వైపే నిలిపాను. గాలి నన్ను దాటుకుని ఆమె మీదికి వెళ్లింది.

"నూరేళ్లు బతుకు తల్లీ," అంది.

ఎర్రపోగు సాయంత్రం దాకా ఆమెనే చూపించింది.

నేను దగ్గుతూనే ఉన్నాను.

నా దగ్గు మూడు రోజుల్లో పోయింది. ఐదో రోజు అత్తకు జ్వరం. ఆ వెంటనే, ఆమె వెనక కాజాలు కుట్టే అమ్మాయికి. ఆ అమ్మాయి కోలుకుంది.

అత్తకు ఊపిరి అందలేదు.

ఈ రోజు ఆరోగ్యశాఖ నుంచి నర్సమ్మ వచ్చింది. కాగితం మీద ఆరు గళ్లు గీసింది. జబ్బుపడిన వాళ్ల గళ్లు నింపింది. నేను, అత్త, కాజాల అమ్మాయి — ఒకే వరస. గుమ్మం వైపు ముగ్గురికీ ఏమీ కాలేదు.

పెన్సిల్ ఆగింది.

"నీకు దగ్గొచ్చిన రోజు ఫ్యాన్ తిరుగుతూ ఉందా, ఆగి ఉందా?"

గుమ్మంలో అత్త కూతురు. తల్లి కళ్లజోడు, గుండీల డబ్బా తీసుకెళ్లడానికి వచ్చింది.

ఎవరికీ గుర్తులేదు కాబోలు.

నాకు గుర్తుంది.

"ఆగి ఉంది. అత్త వైపు. నేనే ఆపాను."

నర్సమ్మ బాణం గీసింది. నా గడిలో మొదలుపెట్టి.

"తెలిసి చేశావా ఏంటమ్మా..." అంది, తల ఎత్తకుండా.

కూతురు లోపలికొచ్చి కళ్లజోడు, డబ్బా తీసుకుని నా వైపు తిరిగింది.

"ఆ రోజు ఇంటికొచ్చి చెప్పింది అమ్మ," అంది. "ఇవాళ కడుపునిండా గాలి తాగానే, అని."

అంతే.

గుండీలు గలగలమంటూ మెట్లు దిగిపోయాయి.

కిటికీలన్నీ తెరిచారు. ఫ్యాన్ ఆపేశారు.

అయినా ఎర్రపోగు ఆడుతూనే ఉంది —

ఒకసారి ఖాళీ కుర్చీ వైపు.

ఒకసారి నా వైపు...