మావగారి బండికి కొత్త చైను

ఆదివారం మధ్యాహ్నం భోజనానికని అత్తవారింటికి వచ్చిన పెద్దల్లుడు గేటు దాటుతూనే ఆగిపోయాడు. వసారాలో మావగారి మోటార్‌సైకిల్ స్టాండు వేసి ఉంది. దాని చైను కొత్తది. చైను తిరిగే పళ్లచక్రాలు, ముందూ వెనకా స్ప్రాకెట్లు రెండూ కొత్తవే. రంగు వెలిసిన ఆ పాత బండికి అవి ముసలాయన నోట్లో కొత్తగా కట్టించిన పళ్లలా తళతళలాడుతున్నాయి.

ఆ చైను పనికిరాదని చెప్పింది అతనే. వెనక స్ప్రాకెట్ పళ్లు అరిగి కొక్కాల్లా వంగిపోయాయి, ఇంకో నెల తిప్పితే చైను తెగుతుంది, వచ్చేవారం షాపుకి తెచ్చెయ్యండి అన్నాడు. మావగారు సరే అన్నారు. సరే అని, ఇంకొకరి చేత వేయించుకున్నారు. ఆ ఇంకొకరెవరో అడగక్కర్లేదు. చిన్నల్లుడు రెండ్రోజులు సెలవు పెట్టి నిన్నటినుంచీ ఇక్కడే ఉన్నాడు.



పెద్దల్లుడు పద్దెనిమిదో ఏట మావగారి మెకానిక్ షాపులో పనికి చేరాడు. స్పానర్ పట్టుకోవడం నేర్పిందీ ఆయనే, తర్వాత పిల్లనిచ్చిందీ ఆయనే. రెండేళ్ల కిందట చేతులు వణకడం మొదలయ్యాక షాపు తాళాలు తెచ్చి ఇతని చేతిలో పెట్టారు. చిన్నల్లుడు ఈ ఇంటికొచ్చి ఏడాది కూడా నిండలేదు. ఊరికి అటు చివర పెద్ద సర్వీస్ సెంటర్లో పని. ఇస్త్రీ చేసిన నీలం చొక్కా వేసుకుని, చేతులకి తొడుగులు తొడుక్కుని గానీ బండి ముట్టుకోడు. "మా చిన్నల్లుడి గోళ్లల్లో నల్లటి చార కూడా ఉండదు" అని అత్తగారు పక్కింటావిడతో అంటుండగా ఒకసారి ఇతని చెవిన పడింది. ఆ రోజునుంచి పెద్దల్లుడు స్నానాల గదిలో గోళ్లు బ్రష్షు పెట్టి తోముకుంటున్నాడు. భార్య అడిగితే దురద అని చెప్పాడు.

చెప్పులు విప్పకుండానే బండి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చైను మధ్యలో వేలితో నొక్కి చూశాడు. ఊగాల్సినంతే ఊగింది. వెనక చక్రం వరసలో ఉందా లేదా అని ఒక కన్ను మూసి చూశాడు. ఉంది. ఎంత వెతికినా వంక దొరక్క ప్రాణం ఉసూరుమంది. లేవబోతూ చక్రాన్ని ఊరికే ఒకసారి తిప్పాడు. అప్పుడు కనపడింది.

చైను రెండు కొసల్నీ కలిపేచోట చిన్న క్లిప్పు ఉంటుంది. గోరంత ఇనప రేకు. దాని మూసిన కొస చైను పరిగెత్తే వైపుకి ఉండాలి, తెరిచిన నోరు వెనక రావాలి. ఇక్కడది తిరగబడి ఉంది. అలా ఉంటే ఎప్పుడో ఒకప్పుడు దేనికో తగిలి ఊడొస్తుంది. క్లిప్పు ఊడితే చైను జారుతుంది. పనిలో చేరిన మొదటివారంలో ఎవరికైనా చెప్పే పాఠమది.

అతని మొహం విప్పారింది. ఎండనపడొచ్చినవాడికి చల్లటి నీళ్లు దొరికినట్టయింది.

"బండితో ఏం మాట్లాడుతున్నారు? లోపలికి రండి," అంది వెనకనుంచి భార్య.

"ఏం లేదు, వస్తున్నా."

క్లిప్పులు పట్టి లాగే చిన్న పట్టకారు, పక్కడ, జేబులో ఎప్పుడూ ఉంటుంది. రెండు నిమిషాల్లో తిప్పి పెట్టేయొచ్చు. ఆ మాట అతనికి తోచింది కూడా. కానీ తిప్పేస్తే ఇంకేముంది, అందరి ముందూ చెప్పడానికి ఏమీ మిగలదు. చేతులు దులుపుకుని లోపలికెళ్లాడు.

భోజనాల దగ్గర అత్తగారు చిన్నల్లుడికి రెండోసారి కూర వడ్డించింది. ఇతనికీ వడ్డించింది గానీ, గరిటె ముందు అటెళ్లింది. పెద్దల్లుడు లెక్కపెట్టుకున్నాడు. మావగారు ఎందుకో ఈ రోజు మంచి హుషారుగా ఉన్నారు. ఎప్పుడో ఎవరో గేర్‌బాక్స్ విప్పి మళ్లీ బిగించలేక బుట్టలో వేసుకొచ్చిన కథ చెప్పి తనే నవ్వుకున్నారు. చిన్నల్లుడు అన్నం కలుపుతూ ఆయన వైపే చూస్తూ విన్నాడు. ఆ కథ పెద్దల్లుడికి కంఠతా వచ్చు.

కథ అయ్యేదాకా ఆగి, నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"బండికి చైను సెట్టు మార్చినట్టున్నారు మావయ్యా."

"ఆ, నిన్న మార్చాం," అన్నారాయన.

"చూశాను. క్లిప్పు తిరగేసి పెట్టారు." చిన్నల్లుడి వైపు తిరిగాడు. "పెద్ద పెద్ద సెంటర్లలో ఇవన్నీ నేర్పరు కాబోలు. మా షాపులో ఇలా పెడితే మావయ్య ఆ రోజుకి ఇంటికి పంపించేసేవారు."

చిన్నల్లుడు తల ఎత్తలేదు. అతని చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. హమ్మయ్య అనుకున్నాడు పెద్దల్లుడు.

"అది పెట్టింది నేను," అన్నారు మావగారు.

గరిటె పట్టుకున్న అత్తగారి చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

"చైను నేనే వేశాను. ఇతను చక్రం పట్టుకున్నాడంతే. కళ్లజోడు లోపల మర్చిపోయాను, తేవడానికి బద్ధకించాను." ఆయన కంచం వైపు చూస్తూ మెల్లిగా అన్నారు. "నిజమే. అలా పెట్టినవాణ్ణి ఇంటికే పంపించాలి."

"మావయ్యా, అది కాదు. మీరని తెలిస్తే... అసలు మీకెందుకీ శ్రమ, షాపుకి తెస్తే నేను చేసిపెట్టేవాణ్ణి కదా?"

"అందుకే తేలేదు." ఆయన గొంతులో కోపం లేదు. "నీ దగ్గరికొస్తే మెత్త వేసిన కుర్చీలో కూర్చోబెడతావు. ఫ్యాను ఇటు తిప్పుతావు. స్పానర్ ముట్టుకోబోతే, మీరెందుకండీ అని చేతిలోంచి లాక్కుంటావు. ఇతను నిన్న, ఏది ముందు విప్పమంటారు మావయ్యా అని అడిగి, స్పానర్ నా చేతికిచ్చాడు."

చెయ్యి కడుక్కుని ఆయన వసారాలోకి వెళ్లిపోయారు.

పెద్దల్లుడికి తల కొట్టేసినట్టయింది. భార్య కళ్లతోనే నాలుగు తిట్లు తిట్టింది. చిన్నల్లుడు పక్కకి జరిగి గొంతు తగ్గించి, "నేను నిన్ననే చూశాను అన్నయ్యా. ఆయన సంతోషంగా ఉంటే చెప్పబుద్ధి కాలేదు. బండి తియ్యకుండా తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నా. భోంచేసి ఆయన కునుకు తీస్తే తిప్పేద్దామనుకున్నాను," అన్నాడు.

మొహంమీద ఉమ్మినా ఇంత బాధపడేవాడు కాదు. పనిలో వంక దొరికిందని సంబరపడితే, వీడు మనసులో కూడా తనకన్నా ఓ మెట్టు పైనున్నాడు. ఇస్త్రీ చొక్కా ఒక్కటే అయితే ఎలాగో భరించేవాడు.

లేచి వసారాలోకెళ్లాడు. మావగారు బండి పక్కన చిన్న పీటమీద కూర్చుని క్లిప్పు వైపు చూస్తున్నారు. ఈసారి కళ్లజోడు ఉంది. పెద్దల్లుడు జేబులోంచి పక్కడ తీశాడు. తనే కూర్చుని ఠక్కున తిప్పేయాలని చేతులు పీకాయి. ఆ చేతుల్ని అదుపులో పెట్టుకుని పక్కడ ఆయనకి అందించాడు.

"మీరే తిప్పండి మావయ్యా."

ఆయన ఒకసారి ఇతని మొహంలోకి చూసి తీసుకున్నారు. వేళ్లు వణికాయి. పక్కడ రెండుసార్లు జారింది. మూడోసారి క్లిప్పు టింగుమని ఎగిరి ఎక్కడో పడింది. చప్పుడుకి చిన్నల్లుడూ బయటికొచ్చాక, ముగ్గురూ వసారా నేలమీద మోకాళ్ల మీద పాకుతూ వెతికారు. పూలకుండీ వెనక అది చిన్నల్లుడికి దొరికింది. అదీ వీడికే దొరకాలా అనుకున్నాడు పెద్దల్లుడు, చీమలు పట్టిన కుండీ కింద చెయ్యి పెట్టి మరీ వెతికింది తను.

చిన్నల్లుడు దాన్ని తుడిచి ఆయన అరచేతిలో పెట్టాడు. పావుగంట పట్టింది. ఆ పావుగంటా పెద్దల్లుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, పెదాలు బిగబట్టి. చివరికి క్లిప్పు టక్కున కూర్చుంది. మావగారు చక్రం తిప్పి, కూర్చున్నచోటునుంచే ఇద్దరి వైపూ చూశారు.

"మూసిన కొస ఎటుంది?"

"పరిగెత్తే వైపుకి," అన్నారిద్దరూ ఒకేసారి.

లోపలికి వెళ్లేటప్పుడు పెద్దల్లుడు గుమ్మంలో ఆగి, "ఇందాక అన్నది మనసులో పెట్టుకోకు," అన్నాడు. ఆ మాట బయటికి రావడానికి తుప్పుపట్టిన నట్టు విప్పినంత కష్టమైంది.

"లేదన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు. పెట్టుకోలేదని కనిపిస్తూనే ఉంది. దానికీ కాస్త ఒళ్లు మండింది.

మర్నాడు షాపులో మెత్త కుర్చీ తీసి లోపలి గదిలో పడేశాడు. దాని చోట పని ఎత్తుకి సరిపోయే బల్ల ఒకటి వేశాడు. బుధవారం మావగారొస్తే కార్బురేటర్ ఒకటి విప్పి కడగమని ముందు పెట్టాడు. గంటలో అయ్యే పనికి పూట పట్టింది. బండి యజమాని వచ్చి విసుక్కుంటే, "మా గురువుగారు చేస్తున్నారు, నీ అదృష్టం," అని కూర్చోబెట్టాడు. ఆ సాయంత్రం మావగారు ఈల వేసుకుంటూ ఇంటికెళ్లారని అత్తగారు ఫోన్ చేసి చెప్పింది.

ఇప్పుడాయన బుధ, శుక్రవారాలు షాపుకొస్తారు. సర్వీస్ సెంటర్‌కి సెలవైన సోమవారం చిన్నల్లుడింటికి వెళ్లి, అక్కడ వసారాలో ఇద్దరూ ఏదో పాత ఇంజిన్ ముందేసుకుని కూర్చుంటారట. మంగళవారమంతా పెద్దల్లుడు ఆ సంగతి పట్టనట్టే ఉంటాడు. బుధవారం ఆయన బల్ల దగ్గర కూర్చుని స్పానర్ అందుకోగానే మాత్రం ఉండబట్టలేక అడుగుతాడు.

"మొన్న అక్కడ ఏం విప్పారు మావయ్యా?"

"నీకెందుకు? ఆ పదో నంబరు ఇటియ్యి," అంటారాయన.